ఎడమకి ఒరిగిన దొరసాని

దొరసాని పోయిన ఏడు నెలలకి బొమ్మల కార్ఖానా నుంచి కబురొచ్చింది. నమూనా తయారైందట, ఒకసారి వచ్చి చూసి, పోలిక కుదిరిందని సంతకం పెట్టి వెళ్ళాలట.

దొరసాని అంటే ఎవరో అనుకునేరు. గాడిద. పార్కులో ఇరవై మూడేళ్ళు పిల్లల్ని వీపున ఎక్కించుకుని ఫౌంటెన్ చుట్టూ తిరిగిన ఆడగాడిద. ఆ ఊళ్ళో ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళని ఎవరిని కదిపినా "నేనూ ఎక్కాను" అంటారు. ఎక్కనివాళ్ళు ఇంకాస్త గట్టిగా అంటారు. అది పోయిందని తెలిసిన రోజు జనం తెచ్చిన పూలు పెట్టడానికి చోటు చాలక పార్కువాళ్ళు రెండు బల్లలు వేయించారు. మనుషుల్లో ఎందరికి దక్కుతుందండీ ఆ యోగం? ఆ వేడి చల్లారక ముందే, అద్దాల బీరువాల్లో దాచుకునే ఖరీదైన బొమ్మలు చేసే కంపెనీ ఒకటి ముందుకొచ్చింది. రెజిన్ అనే గట్టి ప్లాస్టిక్కుతో జానెడు ఎత్తు బొమ్మ, నాలుగు వందలు మాత్రమే చేస్తారు, ఒక్కోదానికి అడుగున ఒక నంబరు. ఒకటో నంబరు మాత్రం అమ్మరు, గాడిదాయనకి ఇస్తారు.

గాడిదాయన అంటే దాన్ని నడిపించిన మనిషి. అరవై నాలుగేళ్ళుంటాయి. పార్కు వెనక వీధిలో, మేడమీద ఒంటిగది. ఒక మంచం, ఒక కంచం, ఒక గ్లాసు. రెండో గ్లాసు ఒకటి ఉండేది గానీ అది పగిలాక మళ్ళీ కొనాల్సిన అవసరం కనపడలేదు. ఇరవై మూడేళ్ళూ ఆయన దాని ఎడమపక్కన నడిచాడు, నిలబడ్డాడు. అదేమో తన ఒంటి బరువులో సగం తెచ్చి ఆయన కుడి భుజం మీద వేసి నిలబడేది. ఇప్పుడు ఆ బరువు లేక ఆయన నడక గతి తప్పింది. ఒక వైపు కుండ దించేసిన కావడిలాగా వీధిలో కుడికి కుడికి పోతూ ఉంటాడు. కూరలకి బయల్దేరి రెండుసార్లు గోడకి గీరుకున్నాడు కూడా.

ఇంత గొప్ప గాడిదకి ఆయన దగ్గర ఒక్క ఫొటో లేదంటే నమ్ముతారా? లేదు. ఫొటోలు తీసినవాళ్ళు ఎవరి పిల్లల్ని వాళ్ళు తీసుకుని పోయారు. పొద్దున్న లేస్తే ఎదురుగా ఉండేదానికి ఫొటో ఎందుకులే అని ఈయన ఊరుకున్నాడు. కబురొచ్చిన రోజు పొద్దున గడ్డం గీసుకుంటూ, దాని చెవికి చిన్న చీలిక ఉండాలి, అది కుడి చెవికా ఎడమ చెవికా అని ఆలోచించాడు. గుర్తు రాలేదు. చేతిలో బ్లేడు అలాగే ఆగిపోయింది. ఇవాళ చెవి పోయింది, రేపు కళ్ళు పోతాయి, ఎల్లుండికి మొత్తం గాడిదే పోతుంది అని భయమేసింది. ఆ ఒకటో నంబరు బొమ్మ సరిగ్గా వస్తే చాలు. అంతకన్నా ఆయనకి ఈ లోకంతో పెద్ద పని లేదు.

కార్ఖానా బస్సు ఆఖరి స్టాపులో ఉంది. పెద్ద రేకుల షెడ్డు. లోపల గోళ్ళ రంగు సీసా మూత తీసినప్పటి వాసన వంద రెట్లు ఉంది. మూతులకి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు గరుకు కాయితంతో గుర్రాల డొక్కలు రుద్దుతున్నారు. ఇంకో బల్ల మీద ఇరవైమంది సైనికులు కళ్ళు లేకుండా నిలబడి, కళ్ళు వేసే అమ్మాయి టీ తాగి రావడం కోసం చూస్తున్నారు. చూస్తున్నారు అనకూడదనుకోండి.

బొమ్మలు చెక్కే ఆవిడకి నలభై ఏళ్ళుంటాయి. తలకి గుడ్డ చుట్టుకుంది, గోళ్ళనిండా మట్టి. "రండి బాబాయ్ గారూ, మీకోసమే చూస్తున్నాను," అని స్టూలు దులిపి వేసి, బల్ల మీద కప్పిన తడిగుడ్డ తీసింది.

రంగు వెయ్యని బూడిద మట్టి, సగం ఆరి గట్టిపడింది. దొరసానికి రంగు వేసినా వేయకపోయినా ఒకటే కాబట్టి అచ్చం అదే అక్కడ నిలబడినట్టుంది. కిందకి జారిన పొట్ట, పిల్లలు పట్టుకుని పట్టుకుని పలచబడిన జూలు, చీలిక. చీలిక కుడి చెవికి! ఆయన ప్రాణం లేచొచ్చింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి "చిక్కిపోయినట్టుందమ్మా," అని చిటికెన వేలితో దాని వీపు నిమిరాడు.

బొమ్మ ఎడమవైపుకి ధబీమని పడింది.

"అయ్యో!" అని ఆయన లేచి నిలబడ్డాడు.

"మీరేం చెయ్యలేదు, కూర్చోండి," అందావిడ. "తెల్లారినప్పటి నుంచీ అది పడటం, నేను లేపడం. నాకు పిచ్చెక్కుతోంది బాబాయ్ గారూ. రెండువందల పదహారు ఫొటోలు ముందు పెట్టుకుని చేశాను. నాలుగు కాళ్ళూ కొలిచాను, వెంట్రుకవాసి తేడా లేదు. మరి ఎందుకు పడుతుంది? పద్దెనిమిదేళ్ళలో నా చేతి బొమ్మ ఒక్కటి పడలేదు."

ఆ మాటకే లోపలి గదిలోంచి ఓనరు వచ్చాడు. పొట్టిగా, హడావిడిగా ఉన్న మనిషి. "నేను చెప్తూనే ఉన్నా పెద్దాయనా, పక్కన ఒక చెట్టు మొద్దు పెట్టేద్దాం, దానికి ఆనుకుని నిలబడుతుంది అని. అందంగానూ ఉంటుంది. ఈవిడ వింటేనా!"

గాడిదాయన గోడవైపు చూశాడు. ఫొటోలన్నీ వరసగా గుచ్చి ఉన్నాయి. ప్రతి ఫొటోకీ ఒక అంచు కత్తిరించి ఉంది. ఆర్డరులో గాడిద ఒక్కటే అని రాశారు కాబట్టి, చెయ్యి అటు పోకుండా, అక్కర్లేనిది ముందే కత్తిరించి పారేయడం ఆవిడ పద్ధతి. బల్ల కింద అట్టపెట్టె నిండా ఆ ముక్కలున్నాయి. ఆయన వంగి ఒకటి తీశాడు. చారల చొక్కా చెయ్యి. ఇంకోటి తీశాడు. మోచెయ్యి. మూడోదాంట్లో సగం చెవీ, భుజమూ.

"అమ్మా," అన్నాడాయన, "మీరు కోసి పెట్టెలో వేసింది నన్నే. అది నా మీద ఆనుకుని నిలబడేది."

ఆవిడ ముక్కా, ఫొటో పక్కపక్కన పెట్టి చూసింది. నెత్తి కొట్టుకుంది. "ఎంత పని చేశాను! ఆ వంపు దానిది కాదన్నమాట. మీ ఇద్దరిదీనూ. మనిషిని తీసేసి బరువు మాత్రం ఉంచేశాను. పడదా మరి!"

"అయితే ఇంకేం, మొద్దు పెట్టెయ్యండి," అన్నాడు ఓనరు సంబరంగా.

"మొద్దంటే నేనేగా," అన్నాడు గాడిదాయన. "పెట్టండి. మా నాన్న కూడా నన్ను అలాగే పిలిచేవాడు."

ఓనరు నవ్వాడు. చెక్కే ఆవిడ నవ్వలేదు. ఆయన్నే చూస్తూ, "మీరు పక్కన లేనప్పుడు ఎలా నిలబడేది బాబాయ్ గారూ?" అని అడిగింది.

చెప్దామని నోరు తెరిచాడు. దొరసాని గురించి ఆయనకి తెలియనిది ఉంటుందా? దాని పళ్ళు ఎన్నో చెప్తాడు. ఏ కాయితం పొట్లం చప్పుడుకి ఎటు తిరుగుతుందో చెప్తాడు. కానీ ఈయన కొట్టంలో అడుగు పెట్టాడా, అది లేచి వచ్చి భుజానికి ఆనేది. కొట్టంలో అడుగు పెట్టకుండా దాన్ని చూసింది ఎప్పుడు?

"తెలీదమ్మా," అన్నాడు. "నేను లేకుండా దాన్ని నేనెలా చూస్తాను?"

శుక్రవారానికల్లా కనుక్కుని చెప్పమన్నారు. శనివారం అచ్చు తియ్యాలి. ఒకసారి రబ్బరు అచ్చు పోశాక దొరసాని ఇక మారదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన దొరసాని కాలు సంగతే ఆలోచించాడు. మొదటి సంవత్సరంలోనే జరిగిందది. ఇద్దరు బొద్దు పిల్లల్ని ఒకేసారి ఎక్కించాడు, తప్పు తనదే. ఫౌంటెన్ మెట్టు దగ్గర కాలు జారి దొరసాని ఎడమ ముంగాలు మడతపడింది. పశువుల డాక్టరు కట్టు కట్టి, నెలలో నయమవుతుందన్నాడు. నెల తరవాత వచ్చి, "బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు. అప్పుడే అది ఒరగడం మొదలుపెట్టింది. "బ్రహ్మాండమట గాడిదగుడ్డు," అని ఆయన డాక్టర్నే తిట్టుకున్నాడు. కాలు కుదరలేదు, నా వల్ల కుంటిదైంది, నేను పక్కన లేకపోతే కూలిపోతుంది అని తీర్మానించుకున్నాడు. ఆరోజు నుంచీ కదల్లేదు. వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలు తన దగ్గరికి రమ్మని పిలిచి పిలిచి విసిగి పిలవడం మానేసింది.

చెల్లెలి సంగతి సరే. కుట్టుమిషనావిడ ఒకావిడ ఉండేది. పార్కు ఎదురుగా చిన్న కొట్టు. ఈయన చారల చొక్కాలన్నీ ఆవిడ కుట్టినవే. కుడి భుజం దగ్గర గుడ్డ త్వరగా అరిగిపోతోందని అక్కడ రెండు పొరలు వేసి కుట్టేది. ఇంతకన్నా ఒక ఆడమనిషి ఇంకేం చెప్తుంది? ఆవిడకి వేరే ఊళ్ళో పెద్ద దుకాణంలో పని దొరికింది. "ఇద్దరం వెళ్దాం, అక్కడ మీకూ ఏదో పని దొరక్కపోదు," అంది. ఈయన ఏమన్నాడంటే, "నేను లేకపోతే అది నిలబడలేదు," అన్నాడు. ఆవిడ రెండేళ్ళు చూసింది. తరవాత మిషను బండికెక్కించుకుని వెళ్ళిపోయింది. గాడిద కోసం మనిషిని వదులుకున్నాడని అందరూ నవ్వారు. ఆయనకి మాత్రం తను మంచిపని చేశాననే నమ్మకం ఉండేది, ఆ నమ్మకం మీదే ఇన్నేళ్ళూ అన్నం సహించింది.

మర్నాడు పార్కుకి వెళ్ళాడు. దొరసాని తిరిగిన చోట ఇప్పుడు బ్యాటరీ కార్లు తిరుగుతున్నాయి. టికెట్లావిడ మాత్రం అదే కిటికీలో, అదే దిండు మీద కూర్చుని ఉంది. ఆయన్ని చూడగానే, "రా అన్నయ్యా, నల్లపూసవైపోయావు," అని పలకరించింది.

తొమ్మిదేళ్ళ కిందట ఆయనకి కడుపులో ఆపరేషన్ అయి పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఇరవై మూడేళ్ళలో దొరసాని ఆయన లేకుండా ఉన్నది ఆ పదకొండు రోజులే. అప్పుడు దాన్ని చూసుకుంది టికెట్లావిడే.

"అప్పుడు అది ఎలా నిలబడేది చెల్లెమ్మా?" అని అడిగాడు.

"ఎలా నిలబడటమేంటి? నాలుగు కాళ్ళ మీద."

"అది కాదు. దేనికి ఆనుకునేది?"

"దేనికీ లేదే. శుభ్రంగా నిలబడేది, కొలబద్ద పెట్టి గీసినట్టు. పాపం నీ మీద ఆనుకునే అలవాటు కదా అని నేను కూడా వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఛీ కొట్టి పక్కకి జరిగింది. భలే పొగరులే దానికి." టికెట్లావిడ పకపకా నవ్వింది. "నువ్వు కనపడితేనే ఆ వేషాలన్నీ. మేమంతా చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం."

"కాలు బాలేదు కదా దానికి."

"ఏ కాలు? ఓసారి నువ్వు టీకి వెళ్ళినప్పుడు కుక్కని తరుముకుంటూ పార్కంతా పరిగెత్తింది. నీకు తెలుసనుకున్నామే!"

అందరికీ తెలుసు. టికెట్లావిడకి తెలుసు, తోటమాలికి తెలుసు, ఆఖరికి కుక్కకి కూడా తెలుసు. తెలియంది ఆయనకొక్కడికే. ఆయన "సరేలే," అని మాత్రం అని, కుడికి ఒరుగుతూ ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు.

ముందు కోపం వచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టాడు. అడ్డగాడిద అన్నాడు. అది గాడిదే కాబట్టి తిట్టు తగల్లేదు, ఇంకా కోపమొచ్చింది. ఇరవై రెండేళ్ళు వెధవని చేసింది! దానికి నేను చాకిరీ చేశానా, అది నాకు చేసిందా? గాడిద చాకిరీ అంటే లోకం దాన్ని చూసి పెట్టుకున్న మాట, ఇక్కడ చేసింది మాత్రం మనిషి.

కోపం ఒక పూట నిలిచింది. అది పోయాక వచ్చింది అంతకన్నా చెడ్డది. "నేను లేకపోతే అది నిలబడలేదు" అని కుట్టుమిషనావిడతో చెప్పాడే, అది అబద్ధమైపోయింది. అబద్ధమని తెలియక చెప్పినా అబద్ధం అబద్ధమే. ఆవిడ దానికోసం రెండేళ్ళు ఆగింది. పోనీ, నిజంగా తెలియకే చెప్పాడా? డాక్టరు చెప్పాడు కదా కాలు బాగుందని. ఎందుకు నమ్మలేదు? కొత్త ఊరంటే భయం. పెళ్ళంటే భయం. గాడిద పక్కన నిలబడితే ఏ భయమూ లేదు. ఒకరికి తను కావాలి, తను లేకపోతే ఆ ప్రాణి కూలిపోతుంది. ఆ ఒక్క మాట చేతికర్రలాగా పట్టుకుని బతికాడు. ఇప్పుడా కర్ర ఎవరో లాగేసుకున్నారు. ఆ రెండు రోజులూ ఆయన అన్నం వండుకోలేదు, ఎవరూ అడగలేదు. అడిగేవాళ్ళెవరున్నారు? గదిలో ఆయన తప్ప ఇంకో ఊపిరి చప్పుడు లేదు.

శుక్రవారం వచ్చింది. వెళ్ళకపోతే ఓనరు మొద్దు పెట్టేస్తాడు, అంతే కదా. పెట్టుకోనీ అనుకున్నాడు. మళ్ళీ చొక్కా వేసుకున్నాడు.

కార్ఖానాలో చెక్కే ఆవిడ మట్టి నమూనా ముందేసుకుని కూర్చుంది. రెండో పక్క చెట్టు మొద్దు ఒకటి కూడా చేసి ఉంచింది. ముచ్చటగా, బెరడుతో సహా ఉంది.

"మొద్దు వద్దమ్మా," అన్నాడాయన. "నిటారుగా చెయ్యండి."

"కనుక్కున్నారా?"

"కనుక్కున్నాను. నేను లేకపోతే నిక్షేపంగా నిలబడేదట." ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అందరూ చూశారట. నేనే చూడలేదు. ఆ ఒక్కటే నేను చూడని దొరసాని. నాకది చూడాలనుందమ్మా."

ఆవిడ చేతులు తడుపుకుని మట్టి మీద పెట్టింది. ఎడమ భుజం దగ్గర నొక్కి, డొక్క ఇటు లాగి, ముంగాళ్ళు సరిచేసింది. ఒంటిలోంచి వంపు కొంచెం కొంచెంగా పోతుంటే ఆయన చూస్తూ కూర్చున్నాడు. తన భుజం అక్కడ ఉండేది. ఇప్పుడక్కడ ఉత్త గాలి. ఏడవాలనిపించింది గానీ పక్క బల్ల దగ్గర అమ్మాయిలున్నారని ఊరుకున్నాడు.

మెడ దగ్గరికి వచ్చి ఆవిడ చేతులు ఆగాయి. "ఫొటోలన్నిట్లో తల మీ భుజం మీదకి వాలి ఉంది బాబాయ్ గారూ. భుజం తీసేశాం కదా, ఈ తల ఎక్కడ పెట్టను? కిందకి వంచనా, గడ్డి మేస్తున్నట్టు?"

అది ఆయన టికెట్లావిడని అడగలేదు. నిటారుగా నిలబడేదట అన్న మాట దగ్గరే ఆయన చెవులు మూసుకుపోయాయి. ఫోను తీసి టికెట్లావిడకి చేశాడు. ఆవిడకి అరిచి మాట్లాడటం అలవాటు, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడింది.

"తలా? తల ఎక్కడ పెట్టేదంటే... గేటు వైపు పెట్టేది అన్నయ్యా. నిన్ను అంబులెన్సులో ఎక్కించుకుపోయారు చూడు, ఆ గేటు. పదకొండు రోజులూ అటే. పిల్లాడు ఎక్కితే తిరిగేది, దిగగానే మళ్ళీ వెళ్ళి అదే చోట నిలబడి అటే చూసేది. క్యారెట్టు చూపించినా తిప్పేది కాదు. నీకు చెప్పలేదా నేను? ఏమో, అప్పుడు నువ్వు కుట్లతో ఉన్నావు, ఎందుకులే బాధపెట్టడం అనుకున్నానేమో. అన్నయ్యా? ఉన్నావా?"

ఉన్నాడు. ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు. పక్క బల్ల దగ్గర గరుకు కాయితాల చప్పుడు ఆగింది. చెక్కే ఆవిడ ఆయన చేతిలోంచి ఫోను మెల్లిగా తీసుకుని, "ఉన్నారండీ, మళ్ళీ చేస్తారు," అని చెప్పి పెట్టేసింది. తరవాత దొరసాని తల రెండు చేతుల్లోకి తీసుకుని కొంచెం ఎత్తింది, కొంచెం పక్కకి తిప్పింది. చెవులు రెండూ ముందుకి నిలబెట్టింది. చేతులు తీసేసింది.

నిలబడింది. పడలేదు.

ఆయన కాయితం మీద సంతకం పెట్టాడు. అక్షరాలు వంకరపోయాయి.

ఆరు వారాలకి ఒకటో నంబరు పెట్టెలో వచ్చింది. మిగతా మూడువందల తొంభై తొమ్మిదీ ఎవరెవరి బీరువాల్లోకో పోయాయి. అంత దీక్షగా ఏం చూస్తోందో వాళ్ళకి తెలీదు, మేత పెట్టేవాళ్ళని అనుకుని ఉంటారు. గాడిదాయన దాన్ని బల్ల మీద పెట్టి, ముందు మంచం వైపు తిప్పాడు. బాలేదు. కిటికీ వైపు తిప్పాడు. చివరికి దాని చూపు తిన్నగా గది తలుపు మీద పడేలా సర్ది, దూరం జరిగి చూశాడు. ఎవరికీ ఆనుకోకుండా, కొలబద్ద పెట్టి గీసినట్టే ఉంది.

మర్నాడు సాయంత్రం ఆయనకి బయట ఏ పనీ లేదు. కూరలున్నాయి, పాలున్నాయి. అయినా ఉతికిన చొక్కా వేసుకుని, తలుపు తాళం వేసి, మెట్లు దిగి వీధి చివరిదాకా నడిచాడు. ఏమీ కొనలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. మందుల షాపు దగ్గర కాసేపు నిలబడ్డాడు, తగినంత ఆలస్యం అయిందనిపించేదాకా. అప్పుడు వెనక్కి తిరిగి, గబగబా వచ్చి, తాళం తీసి తలుపు తోశాడు.

"వచ్చాలేవే," అన్నాడు.